క్యోటో నగరపు షింటో దేవాలయములు : ప్రాచీనతా విచారము

ప్రాచీన దేవాలయ మనగానే మన మనస్సునకు తోచు రూపము శిలామయమైనది. శాసనము చెక్కిన స్తంభము, భక్తుల పాదములచే అరిగిన సోపానము, కాలవశమున నలుపెక్కిన విమానము — వీనినిబట్టి మనము ఆలయముల వయస్సును నిర్ణయించుటకు అలవాటు పడినాము. ఈ అలవాటుతో జపాను దేశమందలి క్యోటో నగరమునకు పోయి, అచటి షింటో దేవాలయములను దర్శింపబూనిన వానికి మొదట కలుగునది ఆశ్చర్యము, పిమ్మట సందేహము. క్రీ.శ. 678లో నిర్మింపబడినదని సంప్రదాయము చెప్పు కామిగామో దేవాలయమున ప్రధాన మందిరము 1863 నాటిది. దాని పైకప్పు ఇటీవలనే సవరింపబడినది. ప్రాకారమున పలుచోట్ల దారువు కొత్తగా కనబడును. మరి దీనిని ప్రాచీన మనుట ఎట్లు?

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పదగిన సమాధానములు రెండు కలవు. ప్రాచీనత యనునది అర్చకులు చెప్పుకొను మాట మాత్రమే యనునది ఒకటి. కట్టడము ఎట్లున్నను భక్తి పురాతనము గనుక అంతయు పురాతనమే యనునది రెండవది. మొదటిది చరిత్రను త్రోసివేయును. రెండవది చరిత్ర అక్కరలేదనును. పరిశోధకున కీ రెండును చాలవు. క్యోటో దేవాలయములయందు ప్రాచీనత ఒక్కచోట కుప్పవోసినట్లు లేదు. అది స్థలమందు కొంత, లిఖితాధారమందు కొంత, కర్మకాండమందు కొంత, శిల్పుల హస్తకౌశలమందు కొంత విడివిడిగా నిలిచియున్నది. ఏ దేవాలయమున ఏ అంశము ప్రాచీనమో వివేచించి చూచుటయే అచటి సందర్శనమునకు సారమని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. పరిభాష

షింటో దేవాలయమును జపాను భాషలో 'జింజా' యందురు. బౌద్ధాలయమునకు 'తెరా' యని వేరు పేరు కలదు. జింజాలో నెలకొన్న దైవము 'కామి'. ఈ పదమును దేవత యని అనువదించుట వాడుకయే కాని, దాని అర్థపరిధి మరింత విశాలమైనది. పర్వతము, జలపాతము, పిడుగు, వంశమూలపురుషుడు, అకాలమృత్యువు పాలైన మహాపురుషుడు — వీరెల్లరును కామి కావచ్చును.

దేవాలయ ప్రవేశమున రెండు స్తంభములు, వాని మీద అడ్డదూలములు కల తోరణ మొకటి యుండును. దానిని 'తొరీ' యందురు. అది దాటినచో దేవభూమి. దారిలో నీటితొట్టి యొద్ద చేతులు కడిగికొని, నోరు పుక్కిలించి, భక్తుడు ముందునకు సాగును. 'హైడెన్' ప్రార్థనామందిరము, 'హోండెన్' మూలమందిరము. రెండుమారులు వంగి, రెండుమారులు చేతులు చరచి, మరల నొకమారు వంగుట నేడు సాధారణమైన వందనవిధానము. ఇది అనాదిగా వచ్చినదని పలువురు తలతురు గాని, ఇట్లు అంతట ఒకే తీరున స్థిరపడుట మెయిజీ యుగమున, అనగా 1868 తరువాత జరిగిన సంగతి.

మనకు మిక్కిలి గమనింపదగిన భేద మొకటి కలదు. మన ఆలయములకు పోవుట దర్శనమునకై. మూర్తిని కన్నులార చూచుట దాని పరమార్థము. జింజాలో దైవమునకు నిలయమైన వస్తువును 'గొషింతాయి' యందురు. అది అద్దము కావచ్చును, ఖడ్గము కావచ్చును. కొన్నిచోట్ల కొండయే కావచ్చును. మూలమందిరములోని గొషింతాయిని భక్తులు చూడరు. తలుపులు మూసియే యుండును. కావున అచట దర్శన మనుట కన్న సన్నిధి యనుటయే సమంజసము. చూచుటకు మూర్తి లేని చోట స్థలము, మార్గము, వనము, విధి — ఇవియే మూర్తిస్థానమును వహించుచున్నవి.

2. లిఖితాధారము

కన్‌ము చక్రవర్తి 794లో రాజధానిని నేటి క్యోటో ప్రదేశమునకు మార్చి దానికి హెయాన్-క్యో యని పేరిడెను. నాటినుండి పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమువరకు చక్రవర్తుల నివాస మచటనే. అయినను, కామో దేవాలయద్వయము, మత్సునో, ఫుషిమి ఇనారి మున్నగునవి నగరము కన్న ముందు వెలసినవి. నగరము దేవాలయములను సృష్టింపలేదు. అప్పటికే దేవతలు కాపురమున్న భూమికి వచ్చి, వారి అనుగ్రహము కోరినది.

ఈ విషయమున పరిశోధకునకు దొరకు గట్టి ఆధారము 'ఎంగిషికి' యను విధిగ్రంథము. 927లో పూర్తియైన ఈ యేబది సంపుటముల గ్రంథమున దేవతానామముల పట్టిక యొకటి కలదు. రాజ్యమందంతట ప్రభుత్వకానుకల కర్హమైన 2,861 దేవాలయములు, 3,132 దేవతలు అందు లెక్కింపబడిరి. ఈ పట్టికలో పేరున్న దేవాలయములకు నేటికిని ప్రత్యేక గౌరవము కలదు. మనకు శిలాశాసన మెట్టిదో వారికీ పట్టిక యట్టిది. కట్టడములు కాలిపోయినను పేరు పట్టికలో నిలిచినది.

3. కామో దేవాలయద్వయము

నగరమునకు ఉత్తరమున, కామో నదీతీరమున రెండు దేవాలయములు కలవు. ఎగువది కామిగామో, దిగువది షిమొగామో. వీని పుట్టుకనుగూర్చి యమషిరో మండల స్థలపురాణమున నొక కథ కలదు. మూలగ్రంథము నశించినను, ఆ కథ అనంతరగ్రంథములం దుద్ధరింపబడి నిలిచినది. తమయొరిహిమె యను కన్య ఏటిలో క్రీడించుచుండగా ఎఱ్ఱని రంగు పూసిన బాణ మొకటి తేలివచ్చినది. ఆమె దానిని తెచ్చి పడకదాపున నుంచగా గర్భవతియై కుమారుని కన్నది. బాలుడు పెరిగినపిదప మాతామహుడు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు విందు చేసి, "నీ తండ్రి యెవడని తలతువో వానికీ పానపాత్ర నిమ్ము" అనెను. బాలుడు పాత్రను ఆకసమున కెత్తి, ఇంటికప్పు చీల్చుకొని పైకెగసి పోయెను. అతడే కామిగామో దైవమైన వాకెఇకజుచి. పేరులోనే పిడుగు కలదు. తల్లియు, మాతామహుడును షిమొగామోలో పూజ లందుకొనుచున్నారు.

ఈ కథ తెలిసినవానికి కామిగామో ప్రాంగణమందలి రెండు ఇసుకకుప్పలు అర్థవంతములగును. హోసొదోనో యను మంటపము ముందర శంకువు ఆకృతిని చక్కగా దిద్దిన తెల్లని ఇసుకరాసులు రెండు కలవు. వాని శిఖరములపై దేవదారు జాతి వృక్షపు సూదియాకులు గ్రుచ్చియుండును. దైవము మొదట దిగివచ్చినదని చెప్పబడు కొండకు ఇవి ప్రతిరూపములు. ఇసుక వానకు కరగును, గాలికి చెదరును. కావున దానిని మరల మరల దిద్దవలెను. మన ముంగిట ముగ్గు నేటిదే యైనను, ముగ్గు వేయు ఆచారము నేటిది కానట్లే ఈ రాసులును.

షిమొగామోను చేరుటకు 'తదసు నో మొరి' యను వనమున నడువవలెను. రెండు నదుల సంగమమున సుమారు పండ్రెండు హెక్టేరుల విస్తీర్ణమున నున్న ఈ వనము, పూర్వము ఈ మైదానమందంతట నుండిన అడవికి మిగిలిన తునుక. ఇచట వనమే ప్రాచీనము. తొందరగా మందిరము చేరవలెనని వనమును దాటిపోవు సందర్శకుడు గర్భగుడిని వదలి ధ్వజస్తంభమును చూచి వచ్చినవానితో సమానుడు.

ఇక కట్టడముల సంగతి. ఈ రెండు దేవాలయములకును 'షికినెన్ సెంగు' అను విధి కలదు. నియతకాలమున మందిరమును నూతనముగ నిర్మించి దైవమును అందులోనికి వేంచేపు చేయుటయే ఈ విధి. ఇసే దేవాలయమున ఇది ఇరువదియేండ్ల కొకమారు జరుగును; 690లో మొదలై, మధ్యమధ్య విఘ్నములు కలిగినను, 2013 నాటికి అరువదిరెండవది పూర్తియైనది. కామో దేవాలయములకు గడువు ఇరువదియొక్క సంవత్సరము. ఇటీవలి సెంగు 2015లో జరిగినది. కామిగామోలో హోండెన్ ప్రక్కనే సరిగా అదే ఆకృతిని 'గోండెన్' అను మరియొక మందిరము కలదు. మూలమందిరమును బాగుచేయునపుడు దైవ మందు వసించును. మన బాలాలయమునకు ఇది సన్నిహితమైన భావన. అయితే మన బాలాలయము తాత్కాలికము. గోండెన్ శాశ్వతమై, మూలమందిరముతో సమానప్రతిపత్తితో ఎల్లకాలము ఎదురుచూచుచుండును.

ఇచట నొక వైరుధ్యము తలయెత్తినది. 1897లో జపాను ప్రభుత్వము ప్రాచీన దేవాలయ సంరక్షణకై శాసనము చేసినది. 1863లో కట్టిన కామో మందిరములు కాలక్రమమున జాతీయనిధులుగ గుర్తింపబడినవి. జాతీయనిధిని విప్పివేసి కొత్తది కట్టుట కుదరదు. అందుచే నేడు సెంగు అనగా పునర్నిర్మాణము కాక, పైకప్పు మార్చి జీర్ణభాగములను సవరించుట మాత్రమే. పునర్నవీకరణ ఫలముగా నిలిచిన కట్టడము, నిలిచినందుననే పునర్నవీకరణకు దూరమైనది. భక్తుని దృష్టిలో ప్రాచీనమైనది విధి; శాసనదృష్టిలో ప్రాచీనమైనది దారువు. ఈ రెండు దృష్టులకు జరిగిన సంధియే 2015 నాటి సెంగు.

ఈ సంధిని నిలుపుచున్నవారు శిల్పులు. పైకప్పు 'హినోకి' యను వృక్షపు బెరడుతో కప్పబడును. చెట్టును కొట్టక, నిలిచియున్న చెట్టు నుండియే నేర్పుతో పైబెరడును ఒలుతురు. ఎనిమిది పదియేండ్లకు మరల బెరడు పెరుగును. ఈ విద్య పుస్తకమున నేర్చునది కాదు. గురువు వెంట చెట్టెక్కి నేర్చునది. పైకప్పు నియతముగ మార్చవలసివచ్చినంత కాలము ఈ విద్యకు పని యుండును, పని యున్నంత కాలము శిష్యు లుందురు. 2020లో యునెస్కో సంస్థ జపాను దారువాస్తువిద్యలను మానవజాతి అమూర్త వారసత్వమున చేర్చినప్పుడు ఈ బెరడు విద్యయు అందు చేరినది.

4. విధి కూడ తెగును

కట్టడము మారినను కర్మ మారలేదని చెప్పి ముగించినచో అదియును అర్ధసత్యమే యగును. కామో దేవాలయముల 'అవొయి మత్సురి' ఆరవ శతాబ్దిలో, కిమ్మెయి చక్రవర్తి కాలమున, పంటలు చెడి ప్రజలు పీడింపబడినప్పుడు మొదలైనదని సంప్రదాయము. గెంజి గాథలో ఉత్సవము చూడవచ్చిన స్త్రీల శకటముల నడుమ కలిగిన కలహము ఈ ఉత్సవమునకు సంబంధించినదే. 810 నుండి 1212 వరకు రాజవంశపు కన్య యొకతె 'సాయిన్' అను పేర దైవసేవకు నియుక్తయగుచుండెను. సెన్షి యను రాజపుత్రి 975 నుండి 1031 వరకు ఆ పదవిలో నుండి, తన మందిరమును కవితాగోష్ఠికి నిలయ మొనర్చెను.

1467లో మొదలై పదియేండ్లు సాగిన ఓనిన్ యుద్ధము నగరమును భస్మము చేసినది. అటుపిమ్మట ఉత్సవపు ఊరేగింపు సుమారు రెండువందల యేండ్లు నిలిచిపోయి, 1694లో పునరుద్ధరింపబడినది. మెయిజీ తొలినాళ్ళలో మరల ఆగి 1884లో మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆగి 1953లో మొదలైనది. సాయిన్ స్థానమున నగరకన్య నొకతెను ఎన్నుకొని పల్లకిలో కూర్చుండబెట్టు పద్ధతి 1956లో ఏర్పడినది. 2020 మొదలు మూడు వత్సరములు మహమ్మారి కారణమున ఊరేగింపు లేక, 2023లో మరల సాగినది. నేడు మే 15వ తేదిన ఐదువందలకు పైబడిన జనము హెయాన్ కాలపు వేషములతో, రెండాకుల 'అవొయి' తీగను అలంకరించుకొని, రాజప్రాసాదము నుండి రెండు దేవాలయములకును నడతురు.

కావున విధియొక్క ప్రాచీనత తెగని దారము వంటిది కాదు. తెగినచోటనెల్ల ముడివేయబడిన దారము వంటిది. ప్రతి ముడియందును పాతగ్రంథములను, చిత్రపటములను పరిశీలించి రూపమును నిర్ణయించినవారు కలరు. ఆ ముడులను గుర్తించుటచే ఉత్సవగౌరవమునకు లోటు రాదు. దానిని మరల మరల కోరుకొన్న తరములు ఎన్నో తెలియవచ్చును.

5. హత వంశపు దేవాలయములు

కొరియా ద్వీపకల్పము నుండి వలసవచ్చిన హత వంశీయులు నగరస్థాపనకు మున్నే ఈ ప్రాంతమున స్థిరపడి, నీటిపారుదలయందును, పట్టునేతయందును ప్రసిద్ధి గాంచిరి. పడమట మత్సునో (701), దక్షిణమున ఫుషిమి ఇనారి (711) వీరి స్థాపనములని సంప్రదాయము. మత్సునో దైవము మద్యమును కాచువారికి ఇలవేల్పు, ఇనారి ధాన్యదైవము. హత నో ఇరోగు అను ధనవంతుడు అన్నపుముద్దను గురిగా నుంచి బాణ మేయగా, అది తెల్లని పక్షియై కొండశిఖరమున వాలినదనియు, వాలిన చోట వరి మొలచినదనియు కథ. అన్నమును అగౌరవపరచినవాడు దండింపబడుట మన కథలయందును అపరిచితము కాదు.

233 మీటరుల ఎత్తు గల ఇనారి కొండపై బాట పొడవున సుమారు పదివేల తొరీలు వరుసదీరి యున్నవి. ప్రపంచమంతట చిత్రములకెక్కిన దృశ్య మిదియే. అయితే తొరీలను కానుకగ నిచ్చు ఆచారము ఎడో కాలమున వ్యాపించినది. నేడు కనబడు తొరీలలో పెక్కు ఇటీవలివే. వెనుకవైపున దాతల పేరును, తేదియును వ్రాసియుండును. కొయ్య చివికిన తొరీని తీసివేసి మరియొకరి కానుకను నాటుదురు. మూలమందిరమో, ఓనిన్ యుద్ధమున 1468లో కాలిపోగా 1499లో కట్టబడినది. ఇచట కొండ మిక్కిలి ప్రాచీనము. మందిరము దాని తరువాతిది. చిత్రములకెక్కిన తొరీలు అన్నిటికన్న నవీనములు. చూపరి యెక్కువగ చూచునది తక్కువ పురాతనమైనది.

6. చరిత్రలో పుట్టిన దైవములు, మారిన నామములు

ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనదగిన దైవము కితానో తెన్‌మాంగు దేవాలయమందలి తెన్‌జిన్. ఈయన చారిత్రకపురుషుడు. సుగవర నో మిచిజానె (845–903) మహాపండితుడు, కవి, మంత్రి. ప్రత్యర్థుల కుతంత్రమున 901లో దూరప్రాంతమునకు పంపబడి అచటనే మరణించెను. అనంతరము రాజధానిలో ఉపద్రవములు చెలరేగినవి; 930లో రాజప్రాసాదముపై పిడుగు పడినది. ఆయన ఆత్మ ఆగ్రహించినదని భయపడి 947లో ఆలయము నెలకొల్పిరి. భయమువలన పూజ్యుడైనవాడు కాలక్రమమున విద్యాదేవతగా మారెను. నేడు పరీక్షల కాలమున విద్యార్థులతో ఆ ప్రాంగణము నిండిపోవును. 1607 నాటి మూలమందిరము జాతీయనిధి.

యసకా దేవాలయ చరిత్ర మరింత జటిలము. దాని పూర్వనామము గియోన్. శ్రావస్తి యందలి జేతవనమునకు జపానీయులు పెట్టిన పేరది. అచటి దైవము గోజు తెన్నో, అనగా గోశిరస్సు కల దేవరాజు. జేతవన రక్షకుడని ప్రతీతి. 869లో మహామారి వ్యాపించగా జరిపిన శాంతికర్మయే నేటి గియోన్ ఉత్సవమునకు మూలము. 1868లో మెయిజీ ప్రభుత్వము కామిని బుద్ధునినుండి వేరుచేయవలెనని ఆజ్ఞాపించినది. వేయియేండ్లుగ ఒకే ప్రాంగణమున పెనవేసికొన్న రెండు మతములు విడదీయబడినవి, బౌద్ధప్రతిమలు తొలగింపబడినవి. గియోన్ యసకా యైనది. గోజు తెన్నో స్థానమున సుసనో-ఓ పేరు నిలిచినది. నేడు క్యోటోలో షింటో, బౌద్ధము వేరువేరుగ కనబడుటకు ఈ ఆజ్ఞయే ప్రధానకారణము. సందర్శకుడు స్వచ్ఛమైన ప్రాచీన షింటో యని భావించు రూపము పెక్కుచోట్ల పందొమ్మిదవ శతాబ్దపు నిర్ణయము. ఉత్సవము మాత్రము గియోన్ పేరుననే నడచుచున్నది. ఆ ఉత్సవరథములకు వ్రేలాడదీయు పాత తివాచీలలో కొన్ని దక్కను ప్రాంతపు నేతలని వస్త్రచరిత్రకారులు నిర్ణయించినారు.

7. రెండు ఉదాహరణములు

ప్రాచీనతా విచారమున కొరగల్లుగ రెండు దేవాలయములను పోల్చిచూడవచ్చును. నగరమునకు దక్షిణమున ఉజి పట్టణమందలి ఉజిగామి దేవాలయము చిన్నది, ఆడంబరము లేనిది. దాని మూలమందిరపు కొయ్యలను వృక్షవలయ పద్ధతిని పరీక్షింపగా అవి సుమారు 1060 నాటివని తేలినది. నేడు నిలిచియున్న షింటో మందిరములలో ఇదియే అతిప్రాచీనము. 1994లో యునెస్కో గుర్తించిన క్యోటో ప్రాంతపు 17 వారసత్వ స్థలములలో షింటో దేవాలయములు మూడే: కామిగామో, షిమొగామో, ఉజిగామి.

నగరమధ్యమున హెయాన్ జింగు కలదు. సింధూరవర్ణపు స్తంభములు, హరితవర్ణపు పెంకులు, ఇరువదినాలుగు మీటరుల ఎత్తైన తొరీ. చూచినవారికి వేయియేండ్ల నాటి రాజధాని కనుల యెదుట నిలిచినట్లుండును. వాస్తవమునకు అది నగరస్థాపనకు పదునొకండువందల యేండ్లు నిండిన సందర్భమున 1895లో, పూర్వపు రాజసభాభవనమునకు ఎనిమిదింట ఐదువంతుల పరిమాణమున కట్టిన ప్రతికృతి. 1976లో మూలమందిరము కాలిపోగా 1979లో మరల కట్టిరి. ప్రాచీనముగ కనబడునది నవీనము. కామోలో నవీనముగ కనబడునది ప్రాచీనము. అయినను హెయాన్ జింగును కృతక మని త్రోసివేయరాదు. రాజధాని గౌరవము కోల్పోయిన నగరము తన్ను తాను నిలబెట్టుకొనుటకు చేసిన ప్రయత్నమునకు అది యథార్థమైన సాక్ష్యము. దానిని తొమ్మిదవ శతాబ్దపు సాక్షిగ కాక పందొమ్మిదవ శతాబ్దపు సాక్షిగ చదువవలెను.

8. ఉపసంహారము

ఈ విచారము మనకు కేవలము విదేశవృత్తాంతము కాదు. తాళపత్రము శిథిలమగునని ఎరిగిన మన పూర్వులు గ్రంథమును మరల మరల వ్రాసికొనిరి. నేడు మన చేతనున్న ప్రతి కవికాలపుది కాదు. అయినను కావ్యము కవికాలపుదే. ప్రతులు వ్రాయుట నిలిచిన కావ్యములు పేరుమాత్రముగ మిగిలినవి. పూరీ క్షేత్రమున నవకళేబరోత్సవము 2015లో జరిగినపుడు దారుమూర్తులు మారినవి. జగన్నాథుడు మారలేదని భక్తుల విశ్వాసము. మన ఆగమములందలి జీర్ణోద్ధారణవిధి ఇట్టి భావనపైననే నిలిచినది. ఆ విధిని మరచి, పాతరాయి తొలగించి మెరుగురాయి పరచుటయే ఉద్ధారణ మనుకొన్నచోట శాసనములు సున్నపుపూతల క్రింద మరుగుపడినవి. నవీకరణమునకు క్రమ మున్నది, విద్య యున్నది. అవి లేని నవీకరణము నాశనమునకు మారుపేరు.

క్యోటోలోను ఈ క్రమమును నిలుపుట సులభముగ లేదు. సెంగు వ్యయము అపారము. 1945 తరువాత దేవాలయములకు ప్రభుత్వపోషణ తొలగిపోయినది. 2015లో షిమొగామో దేవాలయమువారు వనమునకు దక్షిణపు అంచున నున్న భూమిని నివాసభవనముల నిర్మాణమునకై యేబది యేండ్లకు కౌలు కిచ్చుటకు పూనుకొనిరి. పరిసరవాసులు కొందరు అభ్యంతరము చెప్పిరి. మందిరపు కప్పును నిలుపుకొనుటకు వనపు అంచును ఈయవలసివచ్చినది. ఏది మిక్కిలి ప్రాచీనము, దేనికై దేనిని వదలుకొనవచ్చును అను ప్రశ్న అచట పండితచర్చ కాదు. లెక్కల పుస్తకమున తేల్చవలసిన విషయము.

కావున ఆ నగరమునకు పోవు పరిశోధకుడు ప్రతి దేవాలయమున నాలుగు ప్రశ్నలను వేరువేరుగ వేసికొనవలెను: స్థల మెప్పటిది? పేరు ఎప్పటిది? విధి ఎప్పటిది? కట్టడ మెప్పటిది? నాలుగింటికి ఒకే సమాధానము వచ్చు దేవాలయము అరుదు. సమాధానములు భేదించినచోటనే చరిత్ర ఉన్నది. తదుపరి కామో సెంగు ఇరువదియొక్క సంవత్సరముల గడువు ననుసరించి 2036లో రావలెను. దానికి కావలసిన బెరడు నేడు చెట్లపై పెరుగుచున్నది. ఒలువవలసిన చేతులు నేడు విద్య నేర్చుచుండవలెను. ఆ దేవాలయములను ప్రాచీనములుగ నిలుపుచున్నది గడచిన కాలము కాదు, రాబోవు గడువు.